దూరపు చుట్టానికి విడిది

హైబ్రిడ్ అనే మాట మా మార్కాపురం వైపు మేము మొదట విన్నది విత్తనాల కొట్లో. హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ సజ్జ, తరువాత హైబ్రిడ్ పత్తి. రెండు జాతుల్ని కలిపి పుట్టించిన విత్తనం అన్నమాట. ఇప్పుడా మాట పొలం గట్టు దిగి పెళ్ళిపందిట్లోకి వచ్చి కూర్చుంది. కొంతమంది పందిట్లోనూ, కొంతమంది ఎక్కడో ఫోన్ల ముందూ కూర్చుని చూసే సభల్నీ, పెళ్ళిళ్ళనీ, సీమంతాలనీ ‘హైబ్రిడ్’ అంటున్నారు. అసలు పందిరే లేకుండా అందరూ తెరల మీదే కలుసుకుంటే అది ‘వర్చువల్’ట.

ఇదంతా 2020లో కరోనాతో పాటు ఊడిపడిందని చాలామంది అనుకుంటారు. కాదు లెండి. ఒకచోట జరిగే శుభకార్యాన్ని మరోచోట కూర్చుని చూడాలన్న సరదా చాలా పాతది. అది ఎప్పుడు పండిందో, ఎప్పుడు బెడిసిందో వెనక్కి తిరిగి చూస్తే ఇప్పటి మనకి నాలుగు మంచిమాటలు దొరుకుతాయి.

అందరికీ మొదట గుర్తొచ్చేది సంజయుడే. కురుక్షేత్రంలో జరిగేది హస్తినలో కూర్చున్న ధృతరాష్ట్రుడికి చెప్పాడు. ఊరికే చెప్పడమే కాదు, ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబులూ ఇచ్చాడు. బాగానే ఉంది. మరి నూరుగురు కొడుకుల్ని కన్న తల్లి మాటేమిటి? యుద్ధం నడిచినన్నాళ్ళూ గాంధారికంటూ ఎవరూ వ్యాఖ్యాత లేడు. ఆవిడకి దివ్యదృష్టి దొరికింది అంతా అయిపోయాక, స్త్రీపర్వంలో. అప్పుడావిడ చూసింది కొడుకుల శవాల్ని. దూరాన్నుంచి చూసే ఏర్పాటు ఎవరి కోసం చేస్తారు, ఎవరిని మరిచిపోతారు అన్న ప్రశ్న అప్పటినుంచీ ఉన్నదే.

పూర్వం రాజుల ఇళ్ళలోనూ, జమీందారీ కుటుంబాలలోనూ వరుడు రాలేకపోతే అతని కత్తిని పంపేవారు. కత్తికి బాసికం కట్టి, దాని పక్కన పిల్లని కూర్చోబెట్టి పెళ్ళి జరిపించేవారు. పెళ్ళికొడుకు అక్కడ, పెళ్ళికూతురు ఇక్కడ! మనవాళ్ళు ఈ విద్యలో ఎవరికీ తీసిపోలేదని చెప్పటానికే ఈ ముచ్చట చెప్పాను గాని, ఆ పిల్ల మనసులో ఏముందో ఏ పురాణమూ రాయలేదు.

యంత్రంతో ఈ పని చేసి చూపించారు పారిస్ వాళ్ళు. 1881లో అక్కడ విద్యుత్తు ప్రదర్శన జరిగింది. ఆపెరా నాటకశాల నుంచి ప్రదర్శనశాలకి టెలిఫోను తీగలు లాగారు. జనం వరసల్లో నిలబడి, చెవికొకటి చొప్పున రెండు గొట్టాలు పెట్టుకుని, అక్కడి పాట ఇక్కడ విన్నారు. తరువాత 1890లో చందా కట్టినవాళ్ళకి ఇంటికే పాట పంపించే కంపెనీ వెలిసి, 1932 దాకా నడిచింది. అయితే అది డబ్బున్నవాళ్ళ వేడుక. మనలాంటి సంసారుల ఇళ్ళలోకి ఆ ముచ్చట వచ్చింది రేడియోతోనే.

మద్రాసు రేడియో కేంద్రం 1938లో వచ్చింది. విజయవాడ కేంద్రం 1948లో, కడప కేంద్రం 1963లో మొదలయ్యాయి. అప్పట్లో మా మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది గాని దూరాలు మారలేదు. ఒకవైపు నల్లమల అడవి, మరోవైపు వానకోసం ఎదురుచూసే మెట్టచేలు, మధ్యలో మీటరుగేజి రైలు. ఆ పట్టాలు వెడల్పయింది 1990లలో. మా ఊరి గనుల్లోంచి తీసిన పలకరాయి దేశమంతా తిరిగి ఎక్కడెక్కడి పిల్లల చేతనో ఓనమాలు దిద్దించేది. ఆ పలకలకి చట్రాలు బిగించే ఇళ్ళలోని ఆడవాళ్ళు మాత్రం చెన్నకేశవస్వామి తిరునాళ్ళు దాటి మరో తిరునాళ్ళ ఎరగరు.

అలాంటి చోట శ్రీరామనవమినాడు భద్రాచలం వెళ్ళటమంటే మాటలా? గుంటూరు చేరాలి, బెజవాడ చేరాలి, అక్కణ్ణించి కొత్తగూడెం రైలెక్కాలి, దిగి బస్సు పట్టుకోవాలి. గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది గాని, అంతకు ముందు పడవే గతి. మగవాళ్ళకే అదొక యాత్ర. పొయ్యి ముందు నుంచి లేవటానికి తీరని ఆడవాళ్ళకి అదొక కల.

ఆ కల్యాణాన్ని ఆకాశవాణి మా నట్టింట్లోకి తెచ్చింది. రేడియో ఉన్న ఇల్లు వీధికి ఒకటి ఉంటే గొప్ప. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకోవాల్సిన రోజులవి. నవమినాడు పది గంటలకల్లా ఆ ఇంటి ముందు కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టేవారు. రేడియోకి పసుపు కుంకాలు పెట్టి, పక్కన సీతారాముల పటం ఉంచేవారు. నానబెట్టిన వడపప్పు, మిరియాలు యాలకులు వేసిన పానకం, చలిమిడి సిద్ధం. ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు.

ఇక ఉషశ్రీగారి గొంతు. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పుట్టి 1990లో వెళ్ళిపోయారు. భద్రాచల కల్యాణానికి ఆయన చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం విన్నవాళ్ళు ఆ గొంతును మరచిపోలేరు. అది వింటుంటే ఒక సంగతి తెలిసేది. ఆయన కూర్చున్నది భద్రాచలంలోనే అయినా, మాట్లాడుతున్నది అక్కడున్న వేలమందితో కాదు. కంటితో చూడలేని మనతో. అర్చకులు ఏ తంతు చేస్తున్నారో, దాని తరువాత ఏది రాబోతోందో విడమరిచి చెబుతుండేవారు. ప్రవర చదువుతున్నారంటే వంటింట్లోవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేసేవారు. అభిజిల్లగ్నానికి జీలకర్రా బెల్లం, తరువాత మాంగల్యధారణ, ఆపైన ముత్యాల తలంబ్రాలు. మంత్రాలు ఆగి నిశ్శబ్దం వచ్చినా మాకు కంగారు ఉండేది కాదు. ఎందుకు ఆగిందో చెప్పే మనిషి ఒకరు ఉన్నారు గనక.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. ఆవిడకి పాతికేళ్ళు నిండకముందే తాత పోయాడు. ఇంట్లో పెళ్ళి వస్తే అందరికంటే ముందు లేచేది, అందరికంటే వెనక ఉండేది. కూరలు తరిగేది, పిండి విసిరేది, బూరెలు వండేది. పందిట్లోకి మాత్రం వచ్చేది కాదు. తాళి కట్టేవేళ వంటింటి తలుపు చాటున నిలబడి మేళం వినేది. సొంత మనవరాలి పెళ్ళైనా అంతే. ఎవరో కోప్పడి వెళ్ళగొట్టేవారని కాదు. ఎవరూ రమ్మని పిలిచేవారు కాదు, అంతే.

రాములవారి పెళ్ళికి మాత్రం ఆవిడ తెల్లవారుజామునే తలంటుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, రేడియోకి అందరికంటే దగ్గరగా కూర్చునేది. వినికిడి తక్కువ, అదొక వంక. తలంబ్రాల వేళ అందరితో పాటు అక్షతలు తీసుకుని పటం మీద వేసేది. వద్దనటానికి అక్కడ పురోహితుడు లేడు, మగపెళ్ళివారు లేరు. ఏటా ఆ ఒక్క పెళ్ళికే మా అవ్వ మొదటి వరస పేరంటాలు.

రేడియో సంఘసంస్కరణ చేసేసిందని నేననను. మరుసటి నెలలో ఇంట్లో పెళ్ళి వస్తే ఆవిడ మళ్ళీ తలుపు చాటుకే వెళ్ళింది. కాని దూరం నుంచి హాజరయ్యే ఏర్పాటు, దగ్గర చేసుకోలేని కొన్నిటిని దగ్గర చేస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

ఇంకో ముచ్చట. ఉషశ్రీగారి ‘ధర్మసందేహాలు’ గుర్తుందా? శ్రోతలు కార్డు ముక్క మీద సందేహం రాసి పోస్టు చేస్తే రేడియోలో జవాబు వచ్చేది. పెద్దల ముందు నోరెత్తని ఇల్లాలు కూడా కార్డు రాయచ్చు. వినటంతో పని అయిపోకుండా అడగటానికి కూడా చోటు ఉండటం అన్నది చిన్న సంగతి కాదు.

దీనికి శాస్త్రీయమైన రుజువు కూడా ఉంది సుమండీ. 1956లో ఆకాశవాణీ, యునెస్కో కలిసి పూనా వైపు 150 గ్రామాలలో ఒక ప్రయోగం చేశాయి. ఊరికి పదిహేను ఇరవైమందిని ఒక బృందంగా చేర్చి, వారానికి రెండుసార్లు అరగంట చొప్పున మొత్తం ఇరవై వ్యవసాయ కార్యక్రమాలు వినిపించారు. విన్నాక అందరూ చర్చించుకోవాలి. సందేహాలుంటే కేంద్రానికి రాయాలి. జవాబులు రేడియోలోనే వస్తాయి. ఈ ఊళ్ళని, ఉత్త రేడియో మాత్రమే ఉన్న ఊళ్ళతోనూ, అసలు రేడియో లేని ఊళ్ళతోనూ పోల్చి చూశారు. కలిసి కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళు నేర్చుకున్నంతగా ఉత్త రేడియో ఉన్న ఊళ్ళవాళ్ళు నేర్చుకోలేదు. పెట్టె ఒకటే, కార్యక్రమం ఒకటే. తేడా అల్లా వినేవాళ్ళకి చేతిలో పని ఉండటమే. 1959లో ఆ పద్ధతిని దేశంలో తక్కిన చోట్లకీ విస్తరించారు.

సరే, మన కాలానికి వద్దాం. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకుంది. వారం తిరగ్గానే, ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో భక్తులు లేకుండానే కల్యాణం చేశారు. వేలమందితో కిటకిటలాడే పెళ్ళికి ఆ ఏడు అందరూ దూరపు చుట్టాలే. మా వీధిలో ఇంటింటా టీవీ ముందు పానకం పెట్టుకుని కూర్చున్నారు. రేడియో రోజులు తెలిసినవాళ్ళకి అదేమీ కొత్తగా అనిపించలేదు. కొత్తల్లా ఒకటే. వెనకటికి ఒక రేడియో చుట్టూ వీధంతా చేరేది. ఇప్పుడు వీధంతా టీవీలే గాని, ఎవరి తలుపు వాళ్ళదే.

తిరుమలలో మార్చి 20 నుంచి జూన్ మొదటివారం దాకా భక్తులకి దర్శనం ఆపేశారు. ఆ ఆగస్టు 7 నుంచి దేవస్థానం వారు కల్యాణోత్సవాన్ని ఇంటినుంచే జరిపించుకునే ఏర్పాటు చేశారు. టిక్కెట్టు కంప్యూటర్లో కొనుక్కోవాలి. సంప్రదాయ దుస్తులు కట్టుకుని టీవీ ముందు కూర్చోవాలి. అర్చకులు చెప్పినప్పుడు గోత్రనామాలు చెప్పుకోవాలి. తరువాత ఉత్తరీయం, రవికెగుడ్డ, అక్షతలు తపాలాలో ఇంటికి వచ్చేవి. చూశారా, ఎంత తెలివిగా ఆలోచించారో! స్నానం, చీర, గోత్రం అన్నీ మన చేతిలో పనులే. పైగా పేరంటానికి వెళ్ళొచ్చినట్టు రవికెగుడ్డ. పోస్టుమాన్ దాన్ని చేతికిచ్చిన రోజున గాని ఇల్లాలికి పెళ్ళికి వెళ్ళొచ్చిన తృప్తి కలగలేదు.

2022 నుంచి తెలంగాణ ఆర్టీసీ వారు భద్రాచలం తలంబ్రాలని బస్సుల్లో తెచ్చి ఇళ్ళకి అందించటం మొదలుపెట్టారు. 2023లో దానికి రుసుం నూట పదహారు రూపాయలు. నూటికి పదహారు కలిపిన ఆ లెక్క పెట్టింది ఎవరో గాని, మన ఇళ్ళ సంగతి బాగా తెలిసినవాళ్ళే. ఈలోగా రాష్ట్రం రెండయి భద్రాచలం తెలంగాణాలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుంచి కడప వైపు ఒంటిమిట్టలో కల్యాణం అధికారికంగా జరుపుతోంది. అది రాత్రి, వెన్నెల్లో. మా ఊరివాళ్ళకి ఇప్పుడు రెండు పెళ్ళిళ్ళు. పగలొకటి, రాత్రొకటి. రెండూ ఇంట్లో కూర్చునే.

దేవుడి పెళ్ళిళ్ళు ఇంత పద్ధతిగా సాగుతుంటే మన పెళ్ళిళ్ళు ఎలా ఉన్నాయి? 2020 మే నుంచి పెళ్ళికి యాభైమందికి మించకూడదన్నారు. గిద్దలూరులో ఆ రోజుల్లో జరిగిన ఒక పెళ్ళికి మేము ఇంట్లోంచే హాజరయ్యాం. ఫోనుని ఒక కుర్చీకి కట్టి వదిలేశారు. మాకు కనిపించింది ఫొటోగ్రాఫరు వీపు. వినిపించింది మేళం. ఒకసారి ఫోను వాలిపోయి పావుగంటసేపు పందిరి గుడ్డ చూశాం. తాళి కట్టినప్పుడు మేమంతా అక్షతలు పట్టుకునే ఉన్నాం గాని, కట్టినట్టు మాకు తెలిసింది తరువాత వచ్చిన ఫొటోతో.

అదే ఏడాది కంభంలో ఇంకో పెళ్ళి. వాళ్ళదీ ఒక్క ఫోనే. కాని పెళ్ళికూతురి పిన్నికి ఒక పని అప్పగించారు. ఫోనులో వచ్చే చుట్టాల మర్యాద ఆవిడది. ముందురోజే అందరికీ ఫోను చేసి, బొట్టు పెట్టి పిలిచినట్టు పేరుపేరునా పిలిచింది. తలుపు తీయగానే పలకరించినట్టు, తెర మీదకి రాగానే ‘వదినా, వచ్చావా? అన్నయ్య ఏడీ?’ అని అడిగింది. ఏ తంతు నడుస్తోందో మెల్లిగా చెబుతూ పోయింది. తాళి వేళకి ‘అక్షతలు తీసుకోండమ్మా’ అని హెచ్చరించింది. చివర్న పెళ్ళికూతురిని తెచ్చి తెర ముందు నిలబెట్టి ఒక్కొక్కరి చేతా ఆశీర్వాదం ఇప్పించింది. ఆవిడకి రేడియో వ్యాఖ్యానం ఎవరూ నేర్పలేదు. విడిదింటి మర్యాద మాత్రం బాగా తెలుసు. అదే ఇదీను.

అంచేత, మీ ఇంట్లో శుభకార్యం రెండువిధాలా జరపాలనుకుంటే యంత్రాల గురించి తరువాత ఆలోచించండి. ముందు దూరపు చుట్టానికి విడిది ఎక్కడ, ఎదురుకోలు ఎవరు అని ఆలోచించండి. లింకు పంపటం శుభలేఖ వేసినట్టే అవుతుంది గాని పిలిచినట్టు కాదు. ముహూర్తం ఇక్కడి పంచాంగం ప్రకారమే అయినా, మన మధ్యాహ్నం పన్నెండంటే వేసవిలో డల్లాస్‌లో రాత్రి ఒంటిగంటన్నర. వాళ్ళకి అసలు ఘట్టం ఎప్పుడో గడియారం చూసి చెప్పండి. మిగతాసేపు నిద్రపోనివ్వండి. బొమ్మ మసకగా ఉన్నా సర్దుకుంటారు గాని మాట వినపడకపోతే ఎవరూ కూర్చోరు. పురోహితుడి దగ్గర చిన్న మైకు ఒకటి పెట్టండి. మేళగాళ్ళకి ఫోను ఎదురుగా చోటివ్వకండి. కరెంటు పోతే ఏం చెయ్యాలో, నెట్టు పోతే ఎవరి ఫోను వాడాలో ముందురోజు సాయంత్రమే ఒకసారి చేసి చూసుకోండి. అక్షతలో, పసుపుకుంకాలో, పిడికెడు స్వీటో ముందుగానే పోస్టులో పంపండి. అయిపోయాక ఫోను టక్కున ఆపెయ్యక, గుమ్మందాకా సాగనంపినట్టు పలకరించి సెలవు తీసుకోండి.

ఇంతవరకూ మంచిమాట. ఇక మనసులో గుచ్చుకుంటున్న మాట ఒకటి. కరోనా పోయింది. యాభైమంది నిబంధనా పోయింది. కాని ఒక అలవాటు మిగిలింది. ‘పెద్దమ్మా, ఆ మెట్లవీ ఎక్కలేవు, ఎందుకు శ్రమ? లింకు పంపిస్తాంలే, ఇంట్లోనే చూద్దువు.’ ఈ మాట ఈ మధ్య చాలా ఇళ్ళలో విన్నాను. కొన్నిచోట్ల అది నిజంగా ప్రేమే. కొన్నిచోట్ల మాత్రం కారులో చోటు చాలకపోవటం, తోడు ఉండే ఓపిక లేకపోవటం. రాలేని వాళ్ళకి దారి చూపించటానికి వచ్చిన యంత్రాన్ని, రాగలిగిన వాళ్ళని ఆపటానికి వాడితే అది మళ్ళీ ఆ వంటింటి తలుపే. కాకపోతే ఈ తలుపుకి అద్దం బిగించారు, లోపల నుంచి పందిరి కనిపిస్తుంది.

అందుకని లింకు పంపేముందు ఆ పెద్దావిడని ఒక్కమాట అడగండి, రావాలని ఉందా అని. ఉందంటే కారు పంపండి, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోండి, పందిట్లో ముందువరసలో కుర్చీ వెయ్యండి. వొంట్లో ఓపిక లేదు, రాలేనంటే అప్పుడు ఫోను పెట్టండి. పెట్టి, పక్కన ఒక మనవరాలిని కూర్చోబెట్టండి. చేతిలో అక్షతలు పొయ్యండి. తాళి కట్టే వేళకి ‘ఇప్పుడు వెయ్యి అవ్వా’ అని చెప్పటానికి ఒక మనిషి ఉండాలి.